మూడంతస్తుల బొరోనియా

కుట్టు అక్క దుకాణం మెట్టు మీద, కుండీలో ఉన్న బొరోనియా మొక్క మూడు రోజులుగా తల వేలాడేసింది. మోకాలెత్తు పొద, సన్నటి ఆకులు, ఆస్ట్రేలియా అడవుల్లో పుట్టిన జాతి. పోయిన ఏడాది అది పూసినప్పుడు దారిన పోయేవాళ్ళు ఆ వాసనకి ఆగి, ఆగినందుకు సిగ్గేసి, అక్కర్లేకపోయినా రెండు బొత్తాలు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఈ ఏడాది సరిగ్గా మొగ్గ కట్టే వేళకి కొమ్మలన్నీ వడలిపోయాయి.

దుకాణానికీ వెనక గదికీ మధ్య తలుపు లేదు, పరదా ఒక్కటే. పరదా వెనక మంచం మీద అక్క వాళ్ళమ్మ ఉంటుంది. చూపు పోయి నాలుగేళ్ళు. బయట ఏ కాలం నడుస్తోందో ఆవిడకి ఆ మొక్కే చెప్పాలి. రోజూ పొద్దున లేస్తూనే అడుగుతుంది, "మొగ్గలొచ్చాయా?" అని. "వచ్చాయమ్మా" అని మూడు రోజులుగా అబద్ధం చెబుతోంది అక్క.

అందుకే మొక్కల బాబాయికి కబురు పెట్టింది. ఆ చుట్టుపక్కల మొక్కల గురించి ఎవరికేం తెలుసో ఎవరికీ తెలీదు గానీ, ఎవరు ఎక్కువ మాట్లాడతారో మాత్రం అందరికీ తెలుసు. బాబాయి నీటి బిల్లుల ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, ఒక్క కుళాయి కూడా విప్పి చూడకుండా రిటైరైన మనిషి. ఎరువుగా వేసే ఎముకల పొడి సంచీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, దుకాణంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. వెనకే వచ్చిన పిన్ని, అంటే ఆయన భార్య, బట్టల మూట మీద సర్దుకుని కూర్చుని, కుట్టడానికిచ్చిన దిండు గలీబులు ఒక్కోటీ విప్పి అంచులు చూసుకుంటోంది. తెగిన సంచీ పట్టీ కుట్టించుకోడానికి పోస్ట్‌మాన్ నిలబడి ఉన్నాడు. పక్క డబ్బా కొట్లో తాళాలు చేసే ఆయన బాబాయి గొంతు వినగానే ఆకురాయి కింద పెట్టి వచ్చేశాడు. ఊరికే వచ్చే వినోదం ఎవరు వదులుకుంటారు?

"ముట్టుకోకండి, ఎవరూ ముట్టుకోకండి! ముందు నా మొక్క సంగతి వినండి, అప్పుడు ఈ మొక్క సంగతి చూద్దాం. ఏడేళ్ళ కిందట, అమ్మాయ్, నేనొక జానెడు బొరోనియా తెచ్చాను. నర్సరీ ఆయన ఏమన్నాడు? 'సార్, ఇది మహా పెళుసు, వేరు కదిలితే చస్తుంది, నీళ్ళెక్కువైతే చస్తుంది, తక్కువైతే చస్తుంది, ఎరువు పడితే చస్తుంది' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'బాబూ, మా పై ఆఫీసరు కూడా అచ్చం ఇంతే, ఆయన్నే ఇరవై ఏళ్ళు బతికించాను' అన్నాను. నోరు మూసుకుని మొక్క ఇచ్చాడు. తెచ్చి ముందు ఏం చేశాను? కుండీలోంచి పీకి, వేళ్ళకున్న మట్టంతా దులిపి, శుభ్రంగా కడిగాను. ప్రయాణం చేసి వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కోడూ? మొక్కకి మాత్రం ఉండదా ఆ అలసట? ఆ పైన గుప్పెడు ఎముకల పొడి. పదో రోజుకి మొగ్గ, నెలకి నా నడుమెత్తు. అంతే, ఇంకేం లేదు, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. కావాలంటే అడుగు మీ పిన్నిని."

"ఊఁ," అంది పిన్ని గలీబులోంచి తలెత్తకుండా.

"పదో రోజుకేనా బాబాయి?" అంది కుట్టు అక్క. "నాది మొదటి పువ్వు పుయ్యడానికి రెండేళ్ళు పట్టింది."

"నీది పస్తులతో చస్తోందమ్మాయ్! దానికి ఉత్త నీళ్ళు పోసి కూర్చోబెట్టావు. నేను గుప్పెడుతో ఆగానా? రెండో నెల దోసెడు, మూడో నెల తట్టెడు. అప్పుడు చూడాలి పువ్వులు! ఒక్కోటీ కంచమంత. ఎర్రగా, నిగనిగలాడుతూ, ఆకాశంలోకి మొహం పెట్టి..."

"ఎర్రగానా?" అక్క మిషను తొక్కడం ఆపింది. "మాది పైన గోధుమ రంగు, లోపల పసుపు. చిన్న చిన్న గిన్నెలు బోర్లించినట్టు కిందికి వేలాడతాయి."

"రక్తం లేక! పోషణ లేని పువ్వు తలొంచుకుంటుంది. నా చేతిలో పెరిగిన పువ్వు తలెత్తుకుని నిలబడుతుంది."

"పిన్నీ, నిజంగా కంచమంతేనా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"నేను చూడలేదు నాయనా."

"అదెక్కడ చూస్తుందయ్యా, వంటింట్లోంచి బయటికొస్తేగా! సరే, వినండి. నేను రిటైరవ్వడానికి ఇంకా ఏడాది ఉంది. ఒకరోజు చిన్న రెమ్మ తుంపి జేబులో పెట్టుకుని ఆఫీసుకెళ్ళాను. వెళ్ళి కూర్చున్నానో లేదో, గది గదంతా గుప్పుమంది. గొడవకొచ్చిన జనం గొడవ మర్చిపోయి, ఎక్కువ వేసిన బిల్లు కూడా నవ్వుతూ కట్టేసి పోతున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసన మెల్లగా మా ఆఫీసరు గదిలోకి పాకింది. రెండేళ్ళుగా ఒక్క కాగితం మీద సంతకం పెట్టని మనిషి, కలం తీసి, మధ్యాహ్నానికల్లా ఉన్న ఫైళ్ళన్నిటి మీదా బరబరా గీకేశాడు. ఆ ఊపులో తన బదిలీ కాగితం మీద కూడా తనే పెట్టేసుకున్నాడు. సాయంత్రానికి తెలివొచ్చి లబోదిబోమన్నాడు గానీ, అప్పటికే సామాను బండెక్కించేశాం."

"బావగారూ, ఆ రెమ్మ ఎక్కడైనా మిగిలుంటే నాకోటి ఇప్పించండి," అన్నాడు తాళాలాయన. "నా కొట్టు అనుమతి కాగితం మూడేళ్ళుగా ఏదో సొరుగులో నిద్రపోతోంది."

"నవ్వకండి, నవ్వకండి. అసలు కథ తేనెటీగలతో మొదలైంది. మొదటి రోజు నలభై వచ్చాయి. రెండో రోజు ఊరిలో ఉన్నవన్నీ వచ్చాయి. మూడో రోజు పక్క ఊరివి వచ్చి, మా ఊరి వాటి మీద కలబడ్డాయి. ఆకాశంలో ఒకటే రొద. నేను లుంగీ ఎగ్గట్టి మధ్యలో నిలబడి, 'ఆగండి! ఇది ఆఫీసు కాదు, ఇక్కడ అందరికీ పని జరుగుతుంది' అని గట్టిగా ఒక్క కేక వేశాను. వరసలో నిలబెట్టాను. టోకెన్లు పంచాను. వయసు మళ్ళిన వాటికి వేరే వరస."

"టోకెన్ ఎలా పట్టుకుంటుంది బాబాయి, తేనెటీగ?"

"ఆరు కాళ్ళున్నాయి కదరా, ఒకటి ఖాళీ ఉండదూ? ఇలాంటి ప్రశ్నలు వేస్తావు గనకే నీకింకా సైకిలే దిక్కు. ఆ తేనెటీగలు తిరిగిన ఊపుకి మొక్క ఆగలేదు నాయనా, పైకి లేచింది. మా పక్క మేడలో మొదటి అంతస్తు వాళ్ళు కొమ్మకి ఉయ్యాల కట్టుకున్నారు. రెండో అంతస్తు వాళ్ళు బట్టలారేసుకున్నారు. మూడో అంతస్తు ఆయన తాళంచెవి పారేసుకుంటే, నా మొక్క ఎక్కి కిటికీలోంచి ఇంట్లో దిగాడు."

"అలాంటివి ఇంకో నాలుగు మొలిస్తే నేను కొట్టు మూసుకోవాల్సిందే!"

"మూసుకోవాల్సింది నువ్వొక్కడివేనా? వాసన మబ్బులకెక్కింది. వాన కురిస్తే అత్తరు కురిసినట్టే. జనం బకెట్లు, చెంబులు, ఆఖరికి గ్లాసులు కూడా బయట పెట్టారు. నెల్లాళ్ళు ఊళ్ళో ఒక్క సబ్బు అమ్ముడుపోలేదు. సబ్బుల వ్యాపారులు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నారు, 'అయ్యా, పిల్లలు గలవాళ్ళం, కొంచెం కొమ్మలు కత్తిరించండి' అని. జాలేసి కత్తిరించాను. అడుగు మీ పిన్నిని."

"ఊఁ."

"ఇది ఊఁ అంటుంది గానీ దీనికి నా విలువ తెలీదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో అంతస్తులో ఒక పెద్దాయన కన్నుమూశాడు. డాక్టరు చూసి, కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళిపోయాడు కూడా. నలుగురూ మోసుకుని కిందికి తెస్తుంటే, నా కొమ్మ ఆయన మొహానికి ఇలా రాసుకుంది. తుమ్మాడు! తుమ్మి, లేచి కూర్చుని, ముందున్న వాడి కాళ్ళ వంక చూసి, 'నా చెప్పులు ఎవర్రా వేసుకుంది?' అన్నాడు."

"ఇంకా ఉన్నాడా ఆయన?"

"పోయిన నెల పోయాడు పాపం. జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది, ఇంక నేనేం చేసేది?"

పోస్ట్‌మాన్ గోడ పట్టుకుని నవ్వాడు. కుట్టు అక్క నవ్వలేదు. ఆవిడ చూపంతా మెట్టు మీదే ఉంది. ఒక కొమ్మ ఇందాకటికంటే ఇంకాస్త వంగింది. "బాబాయి, ఎండ ముదురుతోంది," అంది. "దీన్ని ఏం చెయ్యాలో చెప్పండి, చేస్తాను. ఇది పోతే అమ్మకి ఇంకేం లేదు."

"అదే చెయ్యబోతున్నాను, పేపరు పరు." అక్క పేపరు పరిచింది. బాబాయి ఎముకల పొడి సంచీ మూతి విప్పాడు. "ముందు వేళ్ళు సగం కత్తిరించాలి. కత్తెర ఇటివ్వు."

ఆ కత్తెరని అక్క పదిహేనేళ్ళుగా ఎవరి చేతికీ ఇవ్వలేదు. బట్ట తప్ప ఇంకేం కత్తిరించినా పదును పోతుందని, తన కూతురు కాగితం ముక్క కత్తిరించినందుకే రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మారు మాట్లాడకుండా తీసి ఇచ్చేసింది. పిన్ని చేతిలో గలీబు ఆగింది.

కత్తెర చేతికొచ్చేసరికి బాబాయికి ఉత్సాహం రెట్టింపయింది. "వదిలిపెట్టారనుకున్నారా నన్ను? ఆస్ట్రేలియా నుంచి పన్నెండు మంది శాస్త్రవేత్తలు బయల్దేరారు. విమానం నడిపేవాడు మా ఊరి దగ్గరికొచ్చేసరికి దారి చూపించే మిషన్లన్నీ ఆపేసి, కిటికీ అద్దం దించి, ముక్కు బయట పెట్టి, వాసన పట్టుకుని నేరుగా మా వీధి మీదికి తెచ్చాడు."

"విమానం అద్దం దిగుతుందా బాబాయి?"

"ప్రత్యేకం విమానంరా! దిగారు, కొలిచారు, వాళ్ళ టేపు సరిపోలేదు. అందులో ఒక పెద్దావిడ కాండం కౌగిలించుకుని ఒకటే ఏడుపు. 'మా అడవుల్లో ఉన్నవి దీని మునిమనవలయ్యా, మీరొచ్చి మా అడవికి కాస్త బుద్ధి చెప్పండి' అని. నేను రానన్నాను. ఎందుకంటావు? నేను వెళ్ళిపోతే మీ పిన్నికి ఏం తోస్తుంది? ఎవరి బట్టలు ఉతుక్కుంటుంది? చివరికి నా కాళ్ళావేళ్ళా పడి మొక్కని పట్టుకెళ్ళారు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో లేదు."

"మూడంతస్తుల మొక్క విమానంలో ఎలా పట్టింది బావగారూ?"

"మడతపెట్టారు."

పరదా వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. "మరిదిగారూ, మొక్కకి ఏమైంది? మొగ్గలొచ్చాయంది కదా ఇది?"

అక్క మొహం పాలిపోయింది. బాబాయి గొంతు మాత్రం ఇంకో మెట్టు ఎక్కింది. "మొగ్గలేమిటి వదినా, నేనొచ్చాక ఇంక పువ్వులే! అసలు నీకు చెప్పాల్సిన ముక్క వేరే ఉంది. మా ఎదురింటాయన నీలాగే చూపు పోయిన మనిషి. పదేళ్ళు. నా బొరోనియా కింద వారం రోజులు కూర్చోబెట్టాను. మూడో రోజు వెలుగు తెలిసింది. అయిదో రోజు నా మొహం గుర్తుపట్టాడు. ఏడో రోజు పేపరు చదివాడు, కింద చిన్న అక్షరాలతో సహా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. లోపల మంచం కిర్రుమంది. పాదాలు నేల కోసం తడుముకుంటున్న చప్పుడు. పరదా కదిలి, దాని అంచు పట్టుకుని ముసలి చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

"నాకూ వస్తుందా మరిదిగారూ?"

"ఎందుకు రాదు! వేళ్ళు కడిగి, ఈ సంచీడూ వేసి, నెల తిరక్కుండా పూయిస్తాను. నీ కూతురి మొహం చూద్దువు గాని."

ఆ ముసలి మొహంలో ఒక ఆశ పుట్టింది. అది చూడలేక కుట్టు అక్క కళ్ళు తిప్పేసుకుంది.

పిన్ని గలీబు మడిచి పక్కన పెట్టి లేచింది. "ఆపండి ఇంక."

"ఏమిటే?"

"ఆఫీసరు సంతకాలు పెట్టాడన్నారు, ఊఁ అన్నాను. సబ్బులవాళ్ళు కాళ్ళు పట్టుకున్నారన్నారు, ఊఁ అన్నాను. దీనికి మాత్రం అనను." ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుని, కొంగుతో తుడిచి, మిషను మీద దాని చోట పెట్టింది. "అక్కయ్యా, మా ఎదురిల్లే లేదు. ఎదురుగా ఉన్నది గోదాము గోడ. మొక్కకి చూపు తెప్పించే శక్తి లేదు. ఉంటే, మొదట ఈయనకి తెప్పించుకునేదాన్ని."

"నలుగురిలో ఏం మాటలే అవి?" అన్నాడు బాబాయి.

"నలుగురిలో మొదలుపెట్టింది మీరు. అమ్మాయ్, ఈయన రెండేళ్ళలో ఏడు బొరోనియాలు తెచ్చారు. ఏడింటికీ వేళ్ళు కడిగారు, ఏడింటికీ ఇదే పొడి పోశారు. ఒక్కటీ నెల దాటలేదు. అది బీద మట్టిలో పుట్టిన మొక్క. మనం బలమనుకునేది దానికి విషం. ఏడోది చావబోతుంటే ఓ రెమ్మ తుంపి, ఇసక కలిపిన మట్టిలో గుచ్చాను. స్నానాల గది వెనక, గోడ నీడన, విరిగిన బకెట్లో. ఈయన చెయ్యి పడకుండా అయిదేళ్ళుగా బతుకుతోంది. అంటే, చెయ్యి పడలేదు, తువ్వాలు పడుతోంది. రోజూ స్నానం చేసొచ్చి ఆరేసేది దాని మీదే."

పోస్ట్‌మాన్ చేతిలోంచి ఉత్తరాల కట్ట జారిపడింది. బాబాయి నోరు తెరిచి, చెయ్యకూడని పని చేశాడు. నిజం మాట్లాడాడు.

"ఆ ఎండిపోయిన కాయల పొదా?"

"అవి కాయలు కావు, పువ్వులు. నిలబడి పైనుంచి చూస్తే గోధుమ రంగు, ఎండినట్టే ఉంటాయి. వంగి కిందనుంచి చూస్తే లోపలంతా పసుపు. అయిదేళ్ళలో మీరు ఒక్కసారి వంగలేదు."

"మరి వాసనో?" అన్నాడు తాళాలాయన, నవ్వు ఆపుకోలేక.

"కొందరి ముక్కుకి ఆ వాసన అందదన్నయ్యా. అది ఆయన తప్పు కాదు. మిగతాదంతా ఆయన తప్పే."

పిన్ని ఇంక ఆయన వంక చూడకుండా మెట్టు దిగి, కుండీ పక్కకి చెయ్యి ఆనించింది. "ఇటు రా అమ్మాయ్, ముట్టుకుని చూడు."

అక్క ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేసింది. కుండీ కాలిపోతోంది.

"ఇదీ రోగం. ఈ ఏడాది ఎండలు ముందే ముదిరాయి, మధ్యాహ్నమంతా ఈ రాతి మెట్టు పెనంలా కాలుతుంటే లోపల వేళ్ళు ఉడుకుతున్నాయి. మొక్కకి ఎండ కావాలి, వేళ్ళకి చల్లదనం కావాలి. వేరు కదపొద్దు. కుండీ ఎత్తి గోడ నీడన పెట్టు, చుట్టూ తడి గోనెపట్టా చుట్టు, పైన ఎండుగడ్డి పరు, నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యి. లేస్తే లేస్తుంది. లేవకపోతే నిన్ను తిట్టుకోకు. ఎంత బాగా చూసినా ఇది కొన్నేళ్ళే ఉంటుంది, చెప్పకుండా పోతుంది. అందుకే ఏటా పువ్వులయ్యాక రెమ్మ గుచ్చుకుంటూ ఉండాలి."

పోస్ట్‌మానూ తాళాలాయనా చెరో పక్కా పట్టి కుండీని నీడకి మార్చారు. అక్క గోనెపట్టా తడిపి తెచ్చింది. పరదా పట్టుకుని ముసలావిడ అలాగే నిలబడి ఉంది.

"అయితే మొగ్గలు లేవన్నమాట," అంది. అక్క గోనెపట్టా పిండుతూ ఉండిపోయింది. "చెబితే ఏం పోయిందే పిచ్చిదానా? రోజూ పొద్దున నీ గొంతు అదోలా ఉంటే నీకే ఏదో రోగమనుకుని నేను భయపడి చస్తున్నాను." తర్వాత పిన్ని గొంతు వినిపించిన వైపు తల తిప్పింది. "అమ్మాయ్, మీ ఇంట్లోది పూసిందా?"

"పూసింది అక్కయ్యా, నిండా. చూపు రాదు. వాసన వస్తుంది."

"అదేగా నేను అడిగేది," అంది ముసలావిడ.

అప్పటికి బాబాయి తేరుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, గొంతు సవరించుకుని, "అసలు చూశారూ, అయిదేళ్ళుగా రోజూ దాని మీద తడి తువ్వాలు ఎందుకు వేస్తున్నాననుకున్నారు? ఎండ తగలకుండా! ఈ సంగతి ఇవాళ్టిదాకా మీ పిన్నికి కూడా చెప్పలేదు..." అని మొదలుపెట్టాడు.

పిన్ని ఎముకల పొడి సంచీ మూతి కట్టి ఆయన ఒళ్ళో పెట్టింది.

"లేవండి. ఆ బకెట్టు ఇప్పుడే ఇక్కడికి రావాలి, మోసుకొచ్చేది మీరు. దారిలో ఎవరు పలకరించినా ఆగకండి. మీ కథ అయ్యేలోపు దాని వేళ్ళు ఉడికిపోతాయి."